మొసలికి చేసిన పూజ

ఆరో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగగొట్టాలకు రంగు వేసే పనిలో చేరాను. అక్క మొగుడే మేస్త్రీ. ఆయన పైన జూలాలో, అంటే తాళ్లకు కట్టిన పీట మీద, వేలాడుతూ రంగు వేసేవాడు. నేను నేల మీద నిలబడి డబ్బాలు పంపుతూ, గొంతు చించుకుని ఎకసెక్కాలాడేవాణ్ని.

తొంభైలలో జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో పని దొరికింది. అక్కడి సేఫ్టీ సారు ఒక షరతు పెట్టాడు. జూలా తాడు కాక పక్కన ఇంకో తాడు వేలాడాలి. దానికి ఒక ఇనుప పట్టు తొడిగి, మనిషి నడుము బెల్టుకు తగిలించాలి. ఆ పట్టు అరచేతిలో ఇమిడే సామాను. లోపల ఒక నాలుక, నాలుకకు పళ్లు, వెనక స్ప్రింగు. మెల్లగా కదిలితే మన వెంటే వస్తుంది. ఒక్కసారిగా పడితే నాలుక లేచి తాడును కరుస్తుంది. నేను దానికి మొసలి అని పేరు పెట్టాను.

"మీ అమ్మ లెక్కనే ఉన్నది. పట్టిందంటే ఇడువది" అన్నాడు బావ.

"ఆమె పట్టబట్టే నీకు పెండ్లయింది. లేకుంటే నీకెవరిస్తుండె పిల్లను?"

సారు మంచిదన్నాడని బావ నమ్మలేదు. "ఎక్కేది సారా, నేనా? నా బరువు ఆపుతదో లేదో నేనే సూస్కోవాలె" అని ఒక గోనె బస్తాలో ఇసుక నింపాడు.

"ఇంకో తట్ట పొయ్యి బావా. నిన్న తిన్న బగారన్నం లెక్కల రాలే" అన్నాను.

రెండో తాడుకు తొడిగిన మొసలిని బస్తాకు తగిలించి, బస్తాను షెడ్డు దూలానికి ఎత్తికట్టి, మోస్తున్న తాడును కోశాం. బస్తా జానెడు జారి టక్కున ఆగింది. తాడును తడిపి చూశాం, ఆగింది. తాడుకు రంగు పూసి చూశాం. ఈసారి బారెడు జారాక ఆగింది. బావ దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు నోట్లోకి చూశాడు. "పండ్ల నడుమ ఏమన్న జిక్కితే జారుతది. సాఫ్ ఉండాలె" అన్నాడు. ఆనాటి నుంచి రోజూ పొద్దున వైరు బ్రష్షుతో దాని పళ్లు తోమేవాడు. తన పళ్లు తోమడం మరిచిన రోజులున్నాయి గానీ దానివి మరవలేదు.

దసరా వచ్చింది. షెడ్డులోనే ఆయుధపూజ. బ్రష్షులు, డబ్బాలు, తాళ్లు వరసగా పెట్టాం. అక్క వచ్చి మొసలిని కడిగి, నువ్వుల నూనె రాసి, పసుపు కుంకుమలు పెట్టింది. మొగుణ్ని కాపాడే వస్తువు కదా, లోపలా బయటా వదల్లేదు. సారు కొబ్బరికాయ కొట్టాడు. అందరం దండం పెట్టాం. పండగ మర్నాడు బావ బ్రష్షు పట్టుకోలేదు. పసుపు కుంకుమలను మురికి అని ఎవరు గీకుతారు? పొడి తాడు చూశాం, తడి తాడు చూశాం, రంగు తాడు చూశాం. పూజ చేసిన మొసలితో చూడాలని ఎవరికీ తట్టలేదు.

ఆ పొద్దున గొట్టం అంచుకు ఒరుసుకుని జూలా తాడు తెగింది.

నేను అప్పుడు పైకి చూస్తూ, "బావా, దిగుతవా, ఆడ్నే కాపురం పెడ్తవా?" అని అరుస్తున్నాను. పీట ముందు పడింది. వెనకే బావ, రెండో తాడు పట్టుకుని. మొసలి ఆయనతో పాటే జారింది. బాయిలర్ షెడ్డు రేకుల మీద పడేదాకా ఆగలేదు. దగ్గరికి పోయి చూస్తే దాని నాలుక పైకి లేవనే లేదు. నూనె, పసుపు, కుంకుమ, దుమ్ము కలిసి స్ప్రింగు చుట్టూ, పళ్ల సందుల్లో ముద్దకట్టి ఉన్నాయి.

మర్నాడు సారు దాన్ని కిరోసిన్‌లో కడిగించి మళ్లీ బస్తా కట్టించాడు. జానెడు జారి ఆగింది.

సాయంత్రం ఆసుపత్రికి పోయాను. బావకు నడుము విరిగింది. అక్క చాయ్ తేవడానికి బయటికి పోయేదాకా ఆగి అడిగాడు.

"మల్ల బస్తా కట్టిన్రా?"

"కట్టినం."

"పట్టిందా?"

పట్టలేదని వినాలని ఆయన కళ్లు నన్ను బతిమాలుతున్నాయి.

"పట్టింది బావా. కడిగినంక పట్టింది."

ఆయన అక్క పోయిన తలుపు వైపు చూశాడు. "రేపెవరెక్కుతున్రు?"

"నేనే."

"పండ్లు తోమి ఎక్కు" అన్నాడు. అంతలో అక్క గ్లాసులతో వచ్చింది.

"సారు ఏమన్నడురా? సామాను ఖరాబేనంటనా?"

నేను నోరు తెరిచేలోపే బావ అన్నాడు: "ఖరాబే. నకిలీ మాలు."

"చేసినోని చేతులు ఇరుగ" అని అక్క చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం దాన్ని ముట్టకురా" అంది.

దేనికైనా ఒక జవాబు విసిరే నోరు నాది. "ముట్టనక్కా" అని మాత్రం అన్నాను. మర్నాడు పొద్దున దాన్ని బెల్టుకు తగిలించుకుని ఎక్కాను. కింద నుంచి ఎకసెక్కాలాడేవాళ్లు ఎవరూ లేరు.