రెండు వేళ్ళ సందు

మా ఇంట్లో రెండు కుక్కలున్నాయి. వాటికి పేర్లు పెట్టాం గానీ ఆ పేర్లతో ఎవరూ పిలవరు. పెద్దది, చిన్నది, అంతే. రెండూ ఊరకుక్కలే. చిన్నది తెనాలిలో మా వీధి చివర పాల బూత్ దగ్గర దొరికింది. దానికి బుద్ధి తక్కువ, ఆకలి ఎక్కువ. పెద్దదాన్ని మాత్రం దొరికింది అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. కాపాడి తెచ్చాను అనాలి. తొమ్మిదేళ్ళపాటు అలాగే చెప్పాను.

ఆ కథ తెలియని మనిషి మా వీధిలో లేడు. తోటి టీచరుగారి చెల్లెలి పెళ్ళికని అడవులదీవి దాటి సముద్రం వైపు వెళ్ళాం. భోజనాలయ్యాక నేనొక్కదాన్నే ఒడ్డుకి నడిచాను. మిట్టమధ్యాహ్నం, మనిషి అలికిడి లేదు. ఆరేసిన వలల పక్కన మూడు నెలల నల్ల కుక్కపిల్ల కూర్చుని ఉంది. మెడకి నైలాన్ దారం. ఆకుపచ్చ దారం, అందులో ఒక ఎర్ర పోగు. పాడైన వల ముక్క ఏదో చుట్టుకుని ఊపిరాడక చస్తోందనుకున్నాను. ఇలా వదిలేసిన వాళ్ళెవరో గానీ, నాకు ఒళ్ళు మండిపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న కత్తెర తీసి దారం తెంపేశాను. పిల్లని పట్టుచీర కొంగులో చుట్టుకుని ఆటోలో రేపల్లె, అక్కణ్ణుంచి పాసింజర్ రైల్లో తెనాలి. రైలు ఊగుతుంటే అది నా ఒళ్ళో గుర్రుపెట్టి నిద్రపోయింది. కిటికీలోంచి పొలాలు, కాలువలు, మళ్ళీ పొలాలు. బిడ్డని ఎత్తుకుని పుట్టింటి నుంచి వస్తున్నట్టే ఉండింది నాకు.

ఆ దారం ముక్కని పారేయలేదు. బ్యాగులు మారినా జిప్ అరలో అది అలాగే ఉండేది. ఏటా ఆరో తరగతికి జీవకారుణ్యం గురించి చెప్పేటప్పుడు తీసి చూపించేదాన్ని. పిల్లలందరూ అయ్యో అనేవాళ్ళు. నా జీవితంలో నేను చేసిన మంచి పని ఒక్కటి చెప్పమంటే ఆ కుక్కనే చూపిస్తానని వాళ్ళతో అనేదాన్ని. నిజంగానే అలా నమ్మాను.

పెద్దదానికి ఒక విచిత్రమైన అలవాటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను పెరట్లో కత్తిపీట వేసుకుని చేపలు కోస్తుంటే, చిన్నది నా మోకాళ్ళ మధ్య దూరుతుంది. పెద్దది మాత్రం రెండు గజాల దూరంలో, చేపలకి వీపు తిప్పి కూర్చుంటుంది. పిల్లి వస్తే తరుముతుంది. కాకి వాలితే ఎగిరి మొరుగుతుంది. మళ్ళీ వచ్చి వీపు తిప్పుకుని కూర్చుంటుంది. కోసినంతసేపూ ఒక్కసారి కూడా చేప వైపు చూడదు. మా ఆయన దానికి భక్తురాలని బిరుదిచ్చాడు. నీసు వాసన గిట్టదు కాబోలు అనుకునేదాన్ని. వండి పెడితే మాత్రం ముల్లు కూడా మిగల్చదు.

పోయినేడాది నుంచి దాని కళ్ళలో పాలపొర లాంటిది కమ్ముతోంది. పశువుల డాక్టరు వయసండి అన్నాడు, వాసనతో బతికేస్తాయి, మీరేం దిగులు పడకండి అన్నాడు. దిగులు పడకండి అంటే పడకుండా ఉంటామా? చూపు పూర్తిగా పోకముందే దానికి ఒక్కసారి సముద్రం చూపించాలని నా మనసులో పడింది. పుట్టింది అక్కడే కదా, చూడకుండా ఉంటుందా అన్నాడు మా ఆయన. చూసింది, కష్టంలో ఉండి చూసింది, ఈసారి సుఖంగా చూడాలి అన్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నదేంటంటే, నేను ఆ గొంతుతో మాట్లాడినప్పుడు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోవడం.

బాపట్ల వైపు సముద్రం దగ్గర డేరాలు వేసి ఉండనిచ్చే చోట్లు ఈమధ్య చాలా వచ్చాయి. సాయంత్రం కాగితాలు దిద్దాక ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. మొదటి చోట పెట్ ఫ్రెండ్లీ అని రాసి పక్కన గుండె బొమ్మ కూడా పెట్టారు. ఫోనెత్తినతను చాలా మర్యాదగా ఏ బ్రీడ్ మేడమ్ అన్నాడు. తెనాలి బ్రీడ్ అన్నాను. పాపం కాసేపు వెతుక్కున్నాడు. ఊరకుక్కలని తెలిశాక గొంతు తగ్గించి, మిగతా గెస్టులు ఇబ్బంది పడతారు మేడమ్ అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నేనేమన్నానో ఇక్కడ రాయను. మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

రెండో చోట కుక్క మోకాలి ఎత్తు దాటకూడదన్నారు. ఎవరి మోకాలండీ అని అడిగాను. మా ఆయన నిజంగానే స్కేలు తెచ్చి పెద్దదాన్ని గోడకి ఆనించి కొలవబోయాడు. తినడానికేదో పెడుతున్నాడనుకుని అది కూర్చుంది. మూడో చోట ఉండనిస్తారట గానీ రాత్రంతా ఊచల గదిలో పెట్టాలట. తాళం వాళ్ళ దగ్గరే ఉంటుందట. అయితే ఆ గదిలో నేనూ పడుకుంటానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నాలుగోది చూడ్డానికి ఒక ఆదివారం మేమిద్దరమే బాపట్ల వెళ్ళాం. తెల్ల డేరాలు వరసగా, రంగు దీపాలు, నడవడానికి పచ్చటి తివాచీ. కుక్కలకి నీళ్ళగిన్నెలు కూడా పెట్టారు. బాగుంది, ఖాయం చేసేద్దామనుకుంటుండగా మనిషెత్తు సౌండ్ బాక్సులు రెండు కనపడ్డాయి. వీధిలో పెళ్ళి బ్యాండు వస్తేనే మంచం కిందికి దూరే కుక్క మాది. దండం పెట్టి వచ్చేశాం. పిట్టలవానిపాలెం దాటాక రెండు వైపులా వరి, గాలికి అంతా ఒకే వైపు వాలి ఉంది. కారులో కళ్ళు మూతలు పడ్డాయి. పెద్దది ఆ వరి మీదుగా పరుగెత్తుతోంది, నీళ్ళమీద నడిచినట్టు, కళ్ళు నేరేడుపళ్ళలా మెరుస్తున్నాయి. మెలకువ వచ్చేసరికి తెనాలి. ఎందుకో ఏడుపొచ్చింది.

చివరికి దారి చూపించింది మా ఆయన ఆఫీసే. ఆయన రేపల్లెలో గుమాస్తా, రోజూ పాసింజర్‌లో వెళ్ళొస్తాడు. ఆఫీసులో ఎవరో చెప్పారట, అడవులదీవి అవతల చేపలు ఎండబెట్టే ఒకావిడ తన సరుగుడు తోటలో డేరా వేసుకోనిస్తుందని. పడవ వాళ్ళదే, తోటా వాళ్ళదే. ఫోన్ చేశాను. మాకు రెండు కుక్కలున్నాయండి అన్నాను, తగాదాకి సిద్ధంగా. ఆవిడ బ్రీడ్ అడగలేదు, మోకాలూ అడగలేదు.

"మీ కుక్కలు చేపలు ముడతాయా అమ్మా?" అంది.

పెద్దది ప్రాణం పోయినా ముట్టదు, చిన్నదానికి మాత్రం నేను పూచీ ఉండను అన్నాను. అయితే చిన్నదాన్ని కట్టేసుకోండి, రండి అంది. అంతే. ఇన్నాళ్ళకి ఒక మనిషి అడగాల్సిన ప్రశ్న అడిగింది.

శనివారం మధ్యాహ్నం బయలుదేరాం. రేపల్లె దాటాక రొయ్యల చెరువులు, వాటి మీద ఎండ. కారు దిగగానే పెద్దది ముక్కు పైకెత్తి చాలాసేపు అలా నిలబడిపోయింది. సరుగుడు చెట్లలో గాలి ఆగకుండా హోరుమంటోంది. తర్వాత అది మా కోసం చూడకుండా నడిచింది. పడవల పక్కనుంచి, వలల గుట్ట చుట్టూ తిరిగి, ఎక్కడా తడబడకుండా నీళ్ళదాకా వెళ్ళి ముందరి కాళ్ళు తడుపుకుంది. ఇంట్లో గుమ్మానికి తల కొట్టుకునే కుక్క! నాకు భలే మురిపెం వేసింది. మా ఆయన డేరా గుంజలతో కుస్తీ పడుతున్నాడు, చిన్నది ఆయన చెప్పు ఎత్తుకుపోయింది. నేను ఇసుకలో వెల్లకిలా పడుకున్నాను. ఆకాశం, అలల చప్పుడు, పక్కన తడి కుక్క వాసన. ఆ సాయంత్రం ఎంతసేపు ఉందో నాకు తెలియదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అందులోకి వెళ్ళిపోగలను.

తెల్లవారాక డేరాలోంచి బయటికొచ్చి చూస్తే పెద్దది లేదు. తోట అవతల ఇసుక మీద తోటావిడ నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది. వెండి చాప పరిచినట్టు ఉంది నేల. మూడు మూలల్లో మూడు కుక్కలు కాపలా కూర్చున్నాయి. మూడూ చేపలకి వీపు తిప్పి కూర్చున్నాయి. కాకి వాలితే ఒకటి లేస్తుంది, తరుముతుంది, మళ్ళీ వచ్చి వీపు తిప్పి కూర్చుంటుంది. నాలుగో మూల ఖాళీగా ఉండాలి. అక్కడ మా పెద్దది కూర్చుని ఉంది. అదీ అలాగే, వీపు తిప్పి.

నేను దగ్గరికి వెళ్ళాను. ఆ మూడింటి మెడలకీ దారాలున్నాయి. ఆకుపచ్చ నైలాన్ దారం, అందులో ఒక ఎర్ర పోగు.

ఆ దారాలేంటక్కా అని అడిగాను. ఆవిడ చేపలు పరుస్తూనే చెప్పింది. ఎవరి వల దారం వాళ్ళ కుక్కకి కడతారట. ఆకుపచ్చలో ఎర్ర పోగు వాళ్ళ పడవది. దారం ఉన్న కుక్కని చేపల దగ్గర ఎవరూ కొట్టరు, లేనిదాన్ని కర్ర పెట్టి తరిమేస్తారు. పిల్లగా ఉన్నప్పుడే తల్లి పక్కన కూర్చోబెడితే పని అదే నేర్చుకుంటుందట. ఆ తర్వాత పెద్దదాని వైపు చూసి, దీనికి ఎవరు నేర్పారమ్మా, ఇంత బాగా కూర్చుంది అంది.

చెప్పకుండా ఉండిపోవచ్చు. ఆ మాటా అనుకున్నాను, ఎందుకు దాచాలి. ఇంకో గంటలో డేరా విప్పి కారెక్కితే అయిపోయేది. చెబితే కుక్కని ఇచ్చేయమంటుంది. అడిగితే కాదనడానికి నా దగ్గర ఏముంది? వెనక్కి వెళ్ళి బ్యాగు తెచ్చాను. జిప్ అర తీసి, ఆ దారం ముక్కని ఆవిడ అరచేతిలో పెట్టాను. తొమ్మిదేళ్ళ కిందట తెంపింది నేనేనక్కా, కాపాడుతున్నాననుకున్నాను అన్నాను.

ఆవిడ ముడి చూసింది. బొటనవేలితో తడిమింది. తన ముడి తనకి తెలుస్తుంది కదా. గొంతుకి బిగుసుకుందనుకున్నాను అని నేనింకా ఏదో సంజాయిషీ చెప్పబోయాను. చెబుతుండగానే గుర్తొచ్చింది. ఆరోజు కత్తెర ఇట్టే దూరింది. ఎక్కడా బిగుతు లేదు. రెండు వేళ్ళు పట్టేంత సందుంది. తొమ్మిదేళ్ళలో ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఆ దారాన్ని నేనే కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను ఒక్కరోజే వెతికానమ్మా. అలకి పోయిందనుకున్నాను. దాని తల్లి వెతికింది. ఎండాకాలం అయ్యేదాకా వలలన్నీ వాసన చూసింది," అంది.

నేను ఇసుకలోనే కూర్చున్నాను. ఏడుస్తుంటే పెద్దది నా వైపు ఒకసారి చెవి తిప్పింది గానీ లేచి రాలేదు. అది పనిలో ఉంది.

కాసేపటికి ఆవిడ చేతులు దులుపుకుని వలల గుట్టలోంచి కొత్త దారం మూరెడు కోసుకొచ్చింది. దాన్ని ఇక్కడే ఉంచమంటారా అక్కా అని అడిగాను. ఆ మాట నోట్లోంచి రావడానికి నా ప్రాణం పోయినంత పనయింది. ఆవిడ పెద్దదాని గడ్డం పైకెత్తి కళ్ళలోకి చూసింది, పాలపొరని చూసింది. తల్లి కూడా చివర్లో ఇలాగే అయింది అంది. మీ గుమ్మం, మీ అడుగుల చప్పుడు అలవాటైన ముసలిదాన్ని ఇప్పుడు చోటు మార్చకూడదు, తీసుకుపొమ్మంది. చేపలు ఎండబెట్టే రోజుల్లో ఏటా ఓ నాలుగుసార్లు తీసుకురమ్మంది. దారం తను కట్టలేదు. నా చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టు. రెండు వేళ్ళు దూరాలి, చూసుకో."

ముడి రెండుసార్లు జారింది. మూడోసారి పడింది.

తిరుగు ప్రయాణంలో రేపల్లెలో టీకి ఆగాం. మా ఆయన టీలు తేవడానికి దిగాడు, నేను కారులోనే ఉన్నాను. చిన్నది వెనక సీట్లో నిద్రపోయింది. పెద్దది కిటికీలోంచి తల బయటపెట్టి గాలి వాసన చూస్తోంది. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న కాలేజీ అమ్మాయి ఒకామె దాన్ని చూసి లేచి వచ్చింది. ముఖం నిండా జాలి.

"అయ్యో ఆంటీ, పాపం దీని మెడకి ఏదో దారం చుట్టుకుందండి. తెంపేయనా?" అంది, బ్యాగు జిప్ తీస్తూ.

నాకు కోపం రాలేదు. ఆ పిల్ల ముఖం నాకు బాగా తెలిసిన ముఖం. నేను కారు దిగి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, రెండు వేళ్ళు దారం కింద పెట్టించాను.

"చూడమ్మా, వదులుగానే ఉంది," అన్నాను.