లిఫ్టు గుంతలో తిమ్మమ్మ కొడుకు

నన్ను చూసి భయపడకండి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నాకంత సీన్ లేదు. నేను డ్రాగన్‌నే. కాకపోతే పుట్టిందీ పెరిగిందీ అశోక్ నగర్‌లో, సగంలో ఆగిపోయిన ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టు గుంతలో. మా అమ్మ తిమ్మమ్మ ఆ బిల్డింగ్‌కు కాపలా మనిషి.

అమ్మది మక్తల్ దగ్గర పల్లె. పెళ్లయిన ఏడాదే మొగుడు మాసయ్యతో బస్సెక్కి పట్నం వచ్చింది. ఇటుకలు మోసింది, ఇసుక జల్లించింది, సిమెంటు కలిపింది. చిక్కడపల్లిలో, ముషీరాబాద్‌లో ఆమె చెమట పడని గల్లీ లేదు. కడుతున్న బిల్డింగ్‌లోనే కాపురం. తలుపులు బిగించే రోజు వచ్చిందంటే గిన్నెలు మూట కట్టుకొని ఇంకో బిల్డింగ్‌కు నడవాలి. ఇన్ని ఇళ్లు కట్టిన మనిషి తలుపున్న ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఈ మాట ఆమె ఎప్పుడూ అనలేదు. నాకు ఒళ్లు మండి నేనంటున్నాను.

నారాయణగూడలో ఒక మేడకు ప్లాస్టరింగ్ చేస్తూ మాసయ్య పైనుంచి పడి చనిపోయాడు. ఆనాటి నుంచి అమ్మ మెట్లెక్కే పని ముట్టుకోలేదు. మేస్త్రి బాలకిషన్ జాలిపడి, అప్పుడే పునాది తవ్వుతున్న ఈ బిల్డింగ్‌లో కింద ఉండి చేసుకునే పని ఇప్పించాడు.

ఆ తవ్వకంలోనే నేను దొరికాను. బండలు పగలగొడుతుంటే గుండ్రంగా, నున్నగా ఒక రాయి బయటపడింది. అమ్మకు పొయ్యికి మూడో రాయి కావాలి. ఇంకేం, తీసుకెళ్లి పెట్టుకుంది. నా నెత్తి మీద ఎంత అన్నం ఉడికిందో, ఎంత పప్పు పొంగిందో ఆ దేవుడికే తెలియాలి. ఒకనాడు జొన్నరొట్టె కాలుస్తుంటే రాయి చిట్లింది, పెనం ఒరిగింది, రొట్టె బూడిదలో పడింది, నేను బయటికొచ్చాను. అమ్మ ముందు రొట్టె కోసం బాధపడింది, తర్వాత నన్ను చూసింది. పాముపిల్ల అనుకుందామంటే కాళ్లున్నాయి. తొండ అనుకుందామంటే తుమ్మితే నిప్పురవ్వలు రాలుతున్నాయి. ఏదైతేనేం, ఆకలి మీదున్నట్టుందని బూడిద దులిపి అదే రొట్టె నా నోట్లో పెట్టింది. నగేష్ అని పేరు కూడా పెట్టింది.

తర్వాత బిల్డర్ కుమారస్వామికీ ఆయన భాగస్తుడికీ చెడింది. కేసు కోర్టుకెళ్లింది. అయిదంతస్తులు లేచిన బిల్డింగ్ అట్లాగే నిలబడిపోయింది. కూలీలంతా పోయారు, కాపలాకు అమ్మ మిగిలింది. ఎవరి కంటా పడకుండా నన్ను లిఫ్టు గుంతలో దాచి, ముందు ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టింది. లోపల నాగుపాముందని గల్లీ అంతా చెప్పింది. మనిషి రాడనుకుంటే ఆడవాళ్లు నాగుల పంచమికి గిన్నెలతో పాలు పట్టుకొని తయారయ్యారు. నాకు పాలు పడవు. ఏటా ఆ పండుగ పోయాక రెండు రోజులు కడుపు పట్టుకొని మూలిగేవాణ్ణి. నా అసలు తిండి రాంనగర్ చేపల మార్కెట్‌లో పారేసే తలకాయలు, తోకలు. అమ్మ పొద్దున్నే బకెట్ పట్టుకొని నడిచి వెళ్లి ఏరుకొచ్చేది.

నేను డ్రాగన్‌నని నాకు చెప్పింది కూడా అమ్మే. సందు చివర నూడుల్స్ బండి మీద ఎర్ర నాలుకతో బొమ్మ వేసి ఉందట, అచ్చం నాలాగే ఉందట. అదేమిటో బండివాణ్ణి అడిగి తెలుసుకొచ్చింది. కింద డ్రాగన్ చికెన్ అని రాసి ఉందని కూడా చెప్పింది. మా జాతికి ఈ ఊళ్లో దక్కిన మర్యాద అది.

గుంతలో పెట్టిననాడు నేను పిల్లి అంత ఉన్నాను. పోను పోను బర్రె అంత అయ్యాను. లిఫ్టు తలుపు కోసం వదిలిన సందులోంచి తల మాత్రం పడుతుంది, భుజాలు పట్టవు. పై అంతస్తుల సందులూ అంతే. నాలుగు వైపులా కాంక్రీటు. నిప్పు ఊదితే నేనే ఉడుకుతాను. అటు తిరగాలంటే తోక మడవాలి, ఇటు తిరగాలంటే మెడ మడవాలి. పైన ఎక్కడో రుమాలంత ఆకాశం. పక్కనే పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టల్. వాళ్లు డాబా మీద పచార్లు చేస్తూ గట్టిగా బట్టీ పట్టేవాళ్లు. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు గురించి నేను విన్నన్నిసార్లు ఏ కలెక్టరూ విని ఉండడు. వింటూ వింటూ గోడకేసి తల కొట్టుకునేవాణ్ణి. గట్టిగా అరవాలనిపించేది. అరిస్తే జనం వస్తారని అమ్మ నా మూతి మీద చెయ్యి వేసి కూర్చునేది.

మొన్న ఎండాకాలం వీపు మీద రెండు వైపులా గడ్డలు లేచాయి. ఒకటే సలుపు. అమ్మ వేళ్లతో రెండు వైపులా మళ్లీ మళ్లీ తడిమి చూసింది. తర్వాత వేపాకూ పసుపూ నూరి పట్టించింది. మాసయ్య పాత ధోవతి చింపి గట్టిగా కట్టు కట్టింది. వారం వారం ఇంకా బిగించి కట్టేది. లోపల ఏదో విప్పుకోవాలని చూస్తుంటే, కట్టు దాన్ని తొక్కి పట్టేది. నొప్పికి నిద్ర ఉండేది కాదు. జబ్బు చేసిందనుకున్నాను, చచ్చిపోతాననుకున్నాను.

అట్లా ఉండగా కేసు రాజీ అయింది. కుమారస్వామి కారు దిగి, బిల్డింగంతా తిరిగి, పని మొదలు పెట్టమని బాలకిషన్‌కు చెప్పి వెళ్లాడు. సోమవారం లిఫ్టు దారి మీద స్లాబ్ పోస్తారట. ఆ వెంటనే గుంత శుభ్రం చేసి లిఫ్టు బిగిస్తారట. ఇవన్నీ అమ్మ ఆదివారం మధ్యాహ్నం, పనివాళ్లు లేనప్పుడు, చెక్క పక్కన కూర్చొని చెప్పింది. మనుషులకు దొరికితే నన్ను ఏం చేస్తారో ఇద్దరికీ తెలుసు. దొరక్కపోతే మీద మూత పడుతుంది.

"ఇయ్యాలనే ఎక్కి పోవాలె బిడ్డా," అంది.

ఎట్లా ఎక్కాలి? ఈ గడ్డలతోనా? అదే అడిగాను. అమ్మ తల వంచుకొని నా కట్టు విప్పడం మొదలుపెట్టింది.

"గడ్డలు గావురా అవి. రెక్కలు. మొదటి దినమే ఎరుకైంది నాకు."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, ముక్కులోంచి పొగ ఆగలేదు. నన్ను కన్నతల్లిలా సాకిన మనిషి నా రెక్కలు కట్టేసి పసుపు పూసింది. ఇన్నాళ్లూ చస్తానని నేను ఏడుస్తుంటే పక్కన కూర్చొని వీపు నిమిరింది. ఎందుకు చేసినవ్ అని అడిగాను.

"మీ నాయిన గూడ మీదికే ఎక్కిండు," అంది. "కింద నేను సిమెంట్ కలుపుతున్న. నా ముంగటనే పడ్డడు. నువ్ గూడ పడ్తె నేనేం గావాలె?"

నాయిన అంది. నేను ఎన్నడూ చూడని మాసయ్యను. నా కోపం అట్లాగే ఉంది, కానీ దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ధోవతి ఊడదీసి పారేసి గోడకు గోళ్లు దిగేశాను. నలిగిపోయిన రెక్కలు వణుకుతున్నాయి. గుంతలో వాటిని చాపే చోటు లేదు. మోచేతుల్లా గోడకు అదిమి, ఒళ్లు పైకి జరుపుకోవాలి. రెండో అంతస్తు దాకా పోయానో లేదో పట్టు జారింది. దబ్బున అడుగున పడ్డాను. మోకాలు చిట్లింది. నా వల్ల కాదు, మూసేస్తే మూసెయ్యనీ అని తల తోక కింద దాచుకున్నాను.

చెక్క జరిగిన చప్పుడైంది. అమ్మ సందులోంచి లోపలికొచ్చింది. నన్ను లేపి గోడ వైపు తిప్పింది. మళ్లీ ఎక్కించింది. నాలుగు అడుగులు పైకి పోయి కిందికి చూస్తే, సరిగ్గా నా కింద నిలబడి ఉంది. కొంగు విప్పి, రెండు చేతుల్తో అంచులు పట్టుకొని, వీలైనంత వెడల్పుగా పరిచింది. బర్రెంత కొడుకును పట్టుకోవడానికి.

"జరుగమ్మా. నేను మీద పడితె సస్తవ్."

"గందుకే పడకు," అంది.

జరగమని తిట్టాను, బతిమాలాను. అడుగు కదపదు. ఇక ఎక్కడం తప్ప గత్యంతరం లేదు. గోళ్లు విరిగాయి. రెండో అంతస్తు దగ్గర మళ్లీ కాలు జారి ఒంటి చేత్తో వేలాడాను. సిమెంటు పెచ్చులు ఊడి ఆమె మొహం మీద పడ్డాయి. దగ్గు వినిపించింది, అడుగుల చప్పుడు మాత్రం వినిపించలేదు. ఆ మొండితనానికి పళ్లు కొరుక్కుంటూ మూడో అంతస్తు, నాలుగో అంతస్తు దాటాను. చివరికి ఇనుప చువ్వలు చేతికి తగిలాయి. పైకి దేక్కుంటూ వచ్చి పడ్డాను.

గాలి. అంత గాలి ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. రెక్కలు వాటంతట అవే విచ్చుకున్నాయి. నీళ్ల ట్యాంకులు, హాస్టల్ పిల్లల బట్టలు, నారాయణగూడ ఫ్లైఓవర్ మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ బస్సులు. నా వైపు చూసినవాడు లేడు. ఈ ఊళ్లో తలెత్తి నడిస్తే గుంతలో పడతారు.

గుంత మీదికి వంగి, ఎక్కిన్నే అమ్మా, ఇంక కొంగు దించు అని అరిచాను.

"ఇంకా ఎగురలే గదరా," అని చీకట్లోంచి వినిపించింది.

కళ్లు మూసుకొని దూకాను. హాస్టల్ డాబాను తోకతో కొట్టి, ఎవరిదో లుంగీ లాక్కొని, ఎట్లాగో పైకి లేచాను. ఒక చుట్టు తిరిగి బిల్డింగ్ మీదికొచ్చి కిందికి చూశాను. గుంత అడుగున అమ్మ అట్లాగే ఉంది, తల పైకెత్తి, కొంగు పరిచి. ఇంత ఆకాశంలో నేను ఎక్కడ పడ్డా ఆ కొంగులో పడనని ఆమెకు తెలుసు. అయినా దించలేదు.