పళ్ళాసుపత్రిలో ఫ్రాన్సు

మా వదిన ఫ్రాన్సు చూడలేదు. చూస్తానని ఎవరితోనైనా అన్నట్టు కూడా నాకు గుర్తు లేదు. కానీ అక్కడి కోటల్లో ఏ రాజు ఏ కిటికీ దగ్గర నిలబడి అలిగాడో ఆవిడకి తెలిసినంతగా మా ఇంట్లో బీరువా తాళం ఎక్కడుందో తెలియదు. ఆడపడుచుని కాబట్టి రెండు మాటలు ఎక్కువ కలుపుతున్నాననుకుంటే అనుకోండి. ఆ హక్కు నాకుంది.

వదిన పళ్ళ డాక్టరు దగ్గర, ముందు గదిలో బల్ల వేసుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళని వరసలో పిలవడం, లోపల్నుంచి మిషను చప్పుడు వినగానే మెల్లగా జారుకోబోయేవాళ్ళని మాటల్లో పెట్టి కూర్చోబెట్టడం ఆవిడ పని. ఒకసారి డాక్టరుగారు, "నాలుగు మంచి పుస్తకాలు తెచ్చి అక్కడ పెట్టమ్మా, జనం వాటిలో పడితే ఈ చప్పుడు వినపడదు" అన్నారు. ఏవో వారపత్రికలు తెస్తుందనుకున్నారు పాపం. వదిన ఫ్రాన్సుని తెచ్చింది.

"ఇన్ని దేశాలుండగా అదే ఎందుకు వదినా?" అని అడిగాను.

"అక్కడ మనవాళ్ళెవరూ లేరు. నొప్పితో వచ్చినవాళ్ళకి తెలిసిన ఊరు చూపిస్తే తెలిసిన మనుషులు గుర్తొస్తారు. నొప్పికి తోడు అదొకటా?"

 

పుస్తకాలు ఎంచే పద్ధతి కూడా అలాంటిదే. పళ్ళు శుభ్రం చేయించుకునేవాళ్ళకి ప్రయాణాల పుస్తకాలు. సముద్రపు ఒడ్డు, రైలు కిటికీ, ద్రాక్షతోటలు, పేజీకో ఫొటో. లోపలికి పిలిచేలోపు ఒక ఊరు అయిపోవాలి. పన్ను పూడ్పించుకునేవాళ్ళకి చిత్రకళ. "ఆ పటాలు చూస్తే ఎవరైనా నోరు తెరుస్తారు. లోపలికెళ్ళాక ఎలాగూ తెరవాలిగా, ఇక్కడే అలవాటవుతుంది" అంటుంది. రూట్ కెనాల్ వాళ్ళకి మాత్రం చరిత్ర, అదీ లావుది. మళ్ళీ మళ్ళీ రావాలి కాబట్టి ఒక రాజవంశమైనా పూర్తవుతుందట. విప్లవం మీద కూడా ఒకటుంది కానీ అందులో తల నరికే యంత్రం బొమ్మ ఉంది. పన్ను పీకించుకునేవాళ్ళ కంట పడకుండా దాన్ని సొరుగులో దాచిపెడుతుంది.

పుస్తకాల కొట్లో ఆవిడని చూసి తీరాలి. పుస్తకం మధ్యకి తెరిచి, ఒక చేత్తో దవడ పట్టుకుని, మొహం అదోలా పెట్టి చదువుతుంది. పన్ను సలుపుతున్న మనిషికి ఈ వాక్యం ఎక్కుతుందా లేదా అని పరీక్ష. ఒకరోజు కొట్టు ఆయన ఉండబట్టలేక, "పళ్ళ డాక్టరు దగ్గరే పనిచేస్తారు కదమ్మా, ఒకసారి చూపించుకోరాదూ?" అన్నాడు. నేను అల్మరా వెనక్కి వెళ్ళి నవ్వుకుని వచ్చాను.

ఇంతా చేస్తే వాటిని చదివేదెవరు? ఫోనున్నవాళ్ళు ఫోను చూసుకునేవారు, లేనివాళ్ళు ఎదుటివాళ్ళ వాచిన దవడ చూసేవారు. ఒక్కరెవరో ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్ళారు. ఆ పుస్తకం రాజుగారి పడకగది మీద కూర మరకతో తిరిగొచ్చింది. అప్పట్నుంచి పుస్తకం ఆ గది గడప దాటకూడదని వదిన శాసనం.

ఇంట్లో మేమూ ఏం తక్కువ తినలేదు. వదిన ఫ్రెంచి పేర్లు పలుకుతుంటే నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టుంటుంది, అది చూసి నవ్వడమే మాకు పని. ఒకసారి సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి పుస్తకం తెచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు చూసి అందరూ ఆ ఊరిని 'నైస్' అంటారని, అది తప్పని, తెలుగులో 'నీస్' అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి అట్ట మీద అంటించింది. మా అన్నయ్య అది చూసి, "ఏంటి, మీ డాక్టరు పళ్ళు మానేసి చేపల కొట్టు పెట్టాడా?" అన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. వదిన ఆ పుస్తకాన్ని కొంగుతో తుడిచి సంచీలో పెట్టేసుకుంది.

అలాంటి రోజుల్లో వాచీలాయన వచ్చారు. పక్క వీధిలో గడియారాలు బాగుచేసే పెద్దాయన, కొట్టు పైన గదిలో ఒక్కరే ఉంటారు. పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చి, చేతికందిన చరిత్ర పుస్తకం తీశారు. వదిన పిలిస్తే వినిపించుకోలేదు. మళ్ళీ పిలిస్తే, "ఈ పేజీ అవనివ్వండమ్మా" అన్నారు. ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి ఆ మాట మా అందరికీ విడివిడిగా చెప్పింది. లాటరీ తగిలినవాళ్ళు కూడా అంత మురిసిపోరు.

ఆ తర్వాత ఆయనకి ఇటు పక్క జివ్వుమనేది, ఇంకోసారి అటు పక్క. పిలిచే వేళకి చాలా ముందే వచ్చి కూర్చునేవారు. పటంలో ఒక దొరసాని మూతి బిగించుకుని ఉంటే, "ఈవిడది గర్వమా, పన్ను నొప్పా?" అని అడిగేవారు. "గర్వమేనండీ. నొప్పయితే ఒక కన్ను చిన్నదవుతుంది" అని వదిన తీర్పు చెప్పేది. రాజులు అయ్యారు, పటాలు అయ్యాయి, నీస్ మొదలైంది. వదిన ఇప్పుడు ఆయన కోసమే ఎంచుతోంది. కొట్లో దవడ పట్టుకోవడం మానేసింది.

డాక్టరుగారికి మాత్రం ఆయన ఏ పంటిలోనూ ఏమీ దొరకలేదు. "అన్నీ గట్టిగా ఉన్నాయి, ఇక మీరు రానక్కర్లేదు" అన్నారు. దాంతో పెద్దాయన కంగారుపడి, ఒక దవడ పన్ను చూపించి, భరించలేకపోతున్నాను పీకెయ్యండని పట్టుబట్టారు. పీకితే మళ్ళీ చూపించుకోవడానికి రమ్మంటారు కదా! డాక్టరుగారు వద్దు వద్దంటూనే పీకారు. నోట్లో దూదితో బయటికొచ్చిన పెద్దాయన, కుర్చీలో తాను వదిలిన నీస్ పుస్తకం వంక ఒకసారి చూసి, తల దించుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

వారం చూసింది వదిన, ఇంకో వారం చూసింది. పుస్తకాల కొట్టుకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "చదివే మనిషి లేకపోతే ఎవరికోసం ఎంచను? అవన్నీ తీసేసి వారపత్రికలే పడేస్తాను" అంది. మా అన్నయ్య కూడా వేళాకోళం ఆడలేదు. నాకైతే భయమేసింది. ఫ్రాన్సు లేని వదినని నేను ఊహించుకోలేకపోయాను.

"వెళ్ళి అడగరాదూ?" అన్నాను.

"ఏమని? పన్ను నొప్పి ఎందుకు రావట్లేదని అడగనా?"

చివరికి చేతి వాచీ విప్పి గుప్పిట్లో పట్టుకుంది. ఒక్కర్తే వెళ్ళడానికి మొహమాటపడి నన్ను వెంటబెట్టుకుంది.

కొట్లో గోడ నిండా గడియారాలు, ఒకదానితో ఒకదానికి పొత్తు లేకుండా నడుస్తున్నాయి. పెద్దాయన మమ్మల్ని చూసి గబుక్కున లేచారు. "సరిగ్గా నడవట్లేదండీ" అని వదిన వాచీ ఇచ్చింది. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, వెనక మూత తీసి అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగానే ఉందమ్మా. దీనికి ఏ రోగమూ లేదు."

"మీ పన్నూ బాగానే ఉండేదటగా" అంది వదిన.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. "డాక్టరుగారు కనిపెట్టేశారమ్మా. దూది పెడుతూ మొహం మీదే అనేశారు, వారం రోజులు నీస్ ముట్టుకోవద్దని. పుస్తకం కోసమే వస్తున్నానని తెలిసిపోయాక ఇంక ఏ మొహం పెట్టుకుని రాను?"

నేనూ వదినా మొహాలు చూసుకున్నాం. అన్నయ్య చేపల కొట్టు గుర్తొచ్చి నాకు నవ్వు ఆగలేదు.

"అయ్యో! నీసంటే చేపలూ మాంసమూ అండీ! పుండు మానేదాకా తినొద్దని అందరికీ చెప్తారు" అంది వదిన.

"నాకెందుకు చెప్తారమ్మా? బుద్ధెరిగాక నేనవి ముట్టిందే లేదు. మీరేమో పుస్తకం మీద అంతంత అక్షరాలు రాసి అంటించారు. నాకింకేం తడుతుంది?"

నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. వదినకీ వచ్చాయి, కానీ అవి నవ్వువి కావు. "ఒక్క పుస్తకం ఇంటికిచ్చి ఉంటే మీ పన్ను మీకుండేది. నా పాడు శాసనం" అంటూ, ఆ గడప తనే దాటించి తెచ్చిన నీస్ పుస్తకాన్ని సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఉంచుకోండి. ఎన్నాళ్ళయినా ఉంచుకోండి."

ఆయన చీటీని వేలితో ఒకసారి తడిమి, పుస్తకాన్ని వెనక్కి జరిపారు.

"వద్దమ్మా. పైకి తీసుకెళ్తే చదువుతాను, కాదనను. ఆవిడది గర్వమా, పన్ను నొప్పా అని అక్కడ ఎవర్ని అడగను?"

వదిన వాచీ చేతికి పెట్టుకుంది, పుస్తకం సంచీలో పెట్టుకుంది.

"రేపు రండి" అంది. "మీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వను. నొప్పి మాత్రం తీసుకురాకండి."