నోటీసు బోర్డు మీద నాలుగు మొక్కలు

ఆ రోజుల్లో హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్ అంటే నాకు గుళ్లో తీర్థంతో సమానం. చెయ్యి చాపి పుచ్చుకోవడమే తప్ప అందులో ఏముందని అడిగేవాణ్ణి కాను. ఇరవై మూడేళ్ల వయసు, తెనాలిలో చదివిన ఎంబీయే, సౌదీలో హుఫూఫ్ ఊళ్లో మొదటి ఉద్యోగం. ఖర్జూర తోటలకు నీళ్ల పంపులు బిగించి, బాగుచేసే కంపెనీ మాది. హెడ్డాఫీసు కెనడాలో ఉండేది. హుఫూఫ్ బ్రాంచిలో నేను హెచ్చార్ అసిస్టెంటుని. అంటే ఇకామా అనే నివాస అనుమతి కార్డుల గడువు చూడ్డం, సెలవు కాగితాలు సర్దడం, పనివాళ్లుండే క్వార్టర్స్‌లో నోటీసులు అంటించడం. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "బ్రాంచి మొత్తం నా చేతిమీదే నడుస్తోందమ్మా" అనేవాణ్ణి. మా అమ్మ నమ్మినట్టే "అంతా ఒక్కడివే చెయ్యకు నాయనా, ఒళ్లు పాడవుతుంది" అనేది.)

కెనడాలో మాకు మెయిళ్లు పంపే ఆవిడకు నేను గడువు దొరసాని అని పేరు పెట్టుకున్నాను. పుట్టినరోజు శుభాకాంక్షలకైనా కింద గడువు రాసే రకం. ఒక ఆదివారం ఆఫీసు తెరిచేసరికి ఆవిడ దగ్గర్నుంచి పన్నెండు పేజీల విధానపత్రం వచ్చి ఉంది. అక్కడ గంజాయిని చట్టబద్ధం చేశారు కాబట్టి ఇకమీదట ఉద్యోగులతో కంపెనీ ఎలా మెలగాలో అందులో ఉంది. ఇంట్లో ఎన్ని మొక్కలు పెంచుకోవచ్చు, డ్యూటీకి ఎన్ని గంటల ముందు మానెయ్యాలి, మేనేజరు ఏం అడగవచ్చు, ఏం అడగకూడదు, అన్నీ వివరంగా. చివర్లో ఒక ఆజ్ఞ: "అన్ని బ్రాంచిల్లోనూ పనివాళ్ల భాషల్లోకి మార్చి, అందరికీ కనబడేచోట పెట్టండి. గడువు బుధవారం."

సౌదీలో దాని పేరెత్తితేనే జైలు కదా, ఆమాత్రం తెలియదా అని మీరడుగుతారు. తెలుసు. విమానం దిగకముందే తెలుసు. కానీ ఆ మూడు రోజులూ ఆ కాగితంలో నాకు గంజాయి కనపడలేదు, తెలుగు కనపడింది. స్కూల్లో వ్యాసరచనకు రెండుసార్లు బహుమతి కొట్టినవాణ్ణి. సరదాకి వాడుకోవడం అన్న అర్థంలో "వినోదార్థ సేవనం" అన్న మాట తట్టినప్పుడు కుర్చీలోంచి లేచి ఆఫీసులో రెండు చుట్లు తిరిగాను. "వయోజనులైన ఉద్యోగులు స్వగృహమున నాలుగు మొక్కల వరకు పెంచుకొనవచ్చును" అని రాసి, "వచ్చును" అనాలా, "వచ్చు" అనాలా అని అరగంట తర్కించుకుని, హుందాగా ఉంటుందని "వచ్చును"నే ఖాయం చేశాను. హిందీ, ఉర్దూ ప్రతులు కంప్యూటర్ చేత చేయించాను. ఉర్దూ లిపి నాకు రాదు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు వెళ్తున్నాయి కాబట్టి సరిగ్గానే ఉండుంటుందనుకున్నాను. బుధవారం సాయంత్రం మూడూ తీసుకెళ్లి, క్వార్టర్స్ వంటశాల పక్కనున్న బోర్డు మీద, గాలికి ఊడకుండా జిగురు దట్టించి మరీ అంటించి, పనైపోయిందని దొరసానికి మెయిల్ కొట్టాను.

గురువారం పొద్దున్నే కడప మామ ఫోన్ చేశాడు. ఇరవయ్యేళ్లుగా సౌదీలో ఉంటున్న మా కంపెనీ డ్రైవరు. కడప నుంచి వచ్చిన ముస్లిం పెద్దాయన. చిన్నా పెద్దా అందరికీ మామే.

"అబ్బీ, ఏం కాయితం అంటిచ్చినావు నువ్వు? ఈడ జనం తిరునాళ్ల మాదిరి గుమిగూడినారు."

"పాలసీ మామా, హెడ్డాఫీసుది. తెలుగు ఎలా ఉంది?"



"తెలుగు శానా బాగుండాది నాయనా. జైల్లో కూచోని ఇద్దరం తీరిగ్గా సదువుకుందాం. ఆ నాలుగు మొక్కలు కంపెనీనే ఇస్తాదా, మనమే తెచ్చుకోవల్లనా అని ప్లంబర్లు అడుగుతాండారు. ఏం చెప్పమంటావు?"

అప్పుడు, నాలుగు రోజుల తర్వాత, నేను రాసిందేమిటో మొదటిసారి నా బుర్రకెక్కింది. అది ఎక్కుతుండగానే ఇంకోటి గుర్తొచ్చింది. వంటశాల తనిఖీకి మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చేది ఆ పొద్దుటే. మా ముదీర్, అంటే మా సౌదీ మేనేజరు, ఆయన్ను వెంటబెట్టుకుని అప్పటికే బయల్దేరారు. నేను టాక్సీ పట్టుకుని క్వార్టర్స్ చేరేసరికి ముదీర్ తెల్లకారు గేటు ముందు ఉంది.

లోపలికి పరిగెత్తాను. తెలుగు, హిందీ కాగితాలు మామ అప్పటికే చింపి జేబులో కుక్కేశాడు. ఉర్దూది మాత్రం నా జిగురు పుణ్యమాని రాలేదు. దానికి వీపు ఆనించి, చేతిలో టీ గ్లాసుతో, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు వంటశాల చూసి, శుభ్రం చేసిన వేళల పట్టిక ఏదని బోర్డు దగ్గరికే వచ్చారు. మామ నడుం పట్టుకుని మూలిగాడు, నొప్పన్నాడు, కదలలేనన్నాడు. ఇన్‌స్పెక్టరు మంచివారు. తనే భుజం పట్టి మెల్లగా పక్కనున్న కుర్చీలో కూచోబెట్టి వెనక్కి తిరిగారు. ఉర్దూ రాసేది అరబ్బీ అక్షరాల్లోనే. వాటిలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్దగా ఉన్న మాటను ఆయన నెమ్మదిగా పైకి చదివారు.

"హషీష్?"

గంజాయికి వాడే ఆ మాట నాక్కూడా తెలుసు. అప్పుడు కుర్చీలోంచి మామ, నడుంనొప్పి సంగతి మర్చిపోయి లేచి, అరబ్బీలో గడగడా అందుకున్నాడు. (ఆ తర్వాత మామే నాకు విడమరిచి చెప్పాడు. అరబ్బీలో ఆ మాటకు గడ్డి అనే అర్థం కూడా ఉందట. తోటల ఊరు కదా, మేకలకు వేసే పచ్చగడ్డిని హుఫూఫ్‌లో ఆ పేరుతోనే అడుగుతారట.) క్వార్టర్స్ ముందంతా ఇసకే కాబట్టి గడ్డి, నాలుగు మొక్కలు పెంచమని కంపెనీ ఉత్తర్వు ఇచ్చిందన్నాడు. ఇన్‌స్పెక్టరు ముదీర్ వైపు చూశారు. ముదీర్ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. ముదీర్ మళ్లీ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, "అవును. గడ్డి" అన్నారు.

ఇన్‌స్పెక్టరు ఎంతో సంతోషించారు. వచ్చే నెల మళ్లీ వచ్చి ఆ గడ్డి చూస్తానని మాటిచ్చి వెళ్లారు.

ఆఫీసుకెళ్లాక ముదీర్ ఆ పన్నెండు పేజీల ఇంగ్లీషు ప్రతి తెప్పించుకుని, నన్ను ఎదురుగా నిలబెట్టి, మొదటినుంచి చివరిదాకా చదివారు. తిరుగు టికెట్టు ఖాయమనుకుని నేను మనసులో పెట్టె సర్దుకుంటున్నాను.

"దీన్ని తెలుగులోకి మార్చింది నువ్వేనా?" అన్నారు ఇంగ్లీషులో.

"ఎస్ సర్."

"చదివావా?"

"మార్చాను సర్" అన్నాను.

ఆయన ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టారు. తలగుడ్డ మీద చుట్టుకునే నల్లతాడు జారి ముక్కుమీదికొచ్చినా ఆపలేదు. తేరుకున్నాక పన్నెండో పేజీలోని ఆఖరి పేరా మీద వేలుపెట్టారు. మత్తు అలవాటుతో బాధపడేవాళ్లు భయపడకుండా చెప్పుకోవచ్చు, వైద్యం చేయిస్తాం, చెప్పుకున్నందుకు ఉద్యోగం పోదు అని ఉందక్కడ. "మిగతాది వాళ్ల చట్టం. ఇక్కడ నేరం, అలాగే రాయి. ఈ పేరా మాత్రం మనకూ పనికొస్తుంది, ఉంచు" అన్నారు. ఆ శుక్రవారం పనివాళ్లందరి ముందూ నిలబడి, నా తప్పు నా నోటితోనే ఒప్పుకుని, కొత్త నోటీసు చదివాను. వెనకనుంచి ఎవరో "అయితే మొక్కలు లేనట్టేనా సార్?" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది.

వారం తర్వాత జగిత్యాల ప్లంబరొకాయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, గా ఆఖరుకు రాసింది నిజమేనా? చెప్తే నౌకరి పోదా?"

"పోదు. ముదీర్ మాటిచ్చారు."

"నాది గంజాయి గాదు సార్, గుట్క. పదేండ్ల సంది తింటున్న. నా బిడ్డ ఫోన్ల జూసి, పండ్లు గట్లయినయేంది బాపూ అంటది. సిగ్గయితాంది సార్."

ముదీర్ తన కారులోనే ఆయన్ను ఆసుపత్రికి పంపించారు. మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన బుగ్గలో యాలక్కాయ ఉండేది, పక్కన నిలబడితే పాయసం వాసన వచ్చేది.

ఇన్‌స్పెక్టరుకు మాటిచ్చాం కనక గడ్డి నిజంగానే వేశాం. మామ పెత్తనం చేశాడు, ప్లంబర్లు పైపులు వేశారు, నాకు శిక్షగా రోజూ నీళ్లు పట్టే పని పడింది. ఇన్‌స్పెక్టరు చెప్పినట్టే వచ్చి, చెప్పులు విడిచి, దానిమీద అటూ ఇటూ నడిచి మెచ్చుకున్నారు. ఇంతలో దొరసాని నుంచి మెయిల్: విధానాన్ని గడువులోగా అమలుచేసిన మొదటి బ్రాంచి మీదే, అభినందనలు, ఫొటో పంపండి. ముదీర్ పచ్చిక ఫొటో తీయించి, కింద ఇంగ్లీషులో "ఇదే మా గడ్డి" అని రాయించి పంపేశారు. (ఇంగ్లీషులో కూడా గ్రాస్ అన్న మాటకు గంజాయి అనే రెండో అర్థం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆవిడ నుంచి మళ్లీ జవాబు రాలేదు.)

ఇప్పుడు నేను సౌదీలోనే ఖఫ్జీ అనే ఊళ్లో ఇంకో కంపెనీలో హెచ్చార్ మేనేజర్ని. ఏ కాగితమైనా మూడుసార్లు చదువుతాను, ఇద్దరి సంతకాలు తీసుకుంటాను, ఆ తర్వాతే బోర్డుకెక్కిస్తాను. నా నోటీసుల్లో తప్పులుండవు. వాటి ముందు ఎవరూ ఆగరు కూడా, నడుస్తూ నడుస్తూ ఓ చూపు చూసి వెళ్లిపోతారు. ఒక మంచి మాట దొరికిందని కుర్చీలోంచి లేచి గదంతా తిరిగిన ఆ ఇరవై మూడేళ్లవాడు ఎప్పుడైనా ఎదురుపడితే, ఉద్యోగం మాత్రం ఇవ్వను. కానీ కూచోబెట్టి టీ ఇప్పిస్తాను, చాలాసేపు తెలుగు మాట్లాడించుకుంటాను.