బాపు టోపీ బిగుసుకున్న వానాకాలం

మొన్న మా మనవరాలు నా ఉన్ని స్వెట్టరును వాషింగ్ మెషీన్‌లో వేసి, మరిగే నీళ్ల సెట్టింగ్ పెట్టి తిప్పేసింది. బయటికి తీసేసరికి అది ఐదేళ్ల పిల్లవాడికి సరిపోయేంతగా ముడుచుకుపోయి, అట్టలా బిరుసెక్కి, అల్లిక కన్నాలన్నీ పూడుకుపోయి ఉంది. "తాతా, సారీ, నీ స్వెట్టర్ చచ్చిపోయింది," అంటూ పిల్ల బిక్కమొహం వేసింది. నేను దాన్ని వేళ్ల మధ్య నలిపి చూస్తూ కోప్పడడం మరిచిపోయాను. తడి ఉన్నికి ఒక వాసన ఉంటుంది, గొర్రెల మందకూ వానకూ మధ్యదేదో. ఆ వాసన నాకు లాడ్ బజార్ వెనక గల్లీలోని ఒక పొగచూరిన గదిని గుర్తుచేసింది.

ఆ గది టోపీల చాచాది. మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. ఆయన తరం దుకాణదారులు, హిందువులైనా ముస్లిములైనా, షేర్వానీ, కుచ్చు వేలాడే రూమీ టోపీ లేకుండా గడప దాటేవారు కాదు. ఆ ఎర్రటి టోపీలు చాలావరకు ఎక్కడో మిల్లుల్లో తయారై వచ్చేవి కానీ, చాచా మాత్రం తన తండ్రి నేర్పినట్టు చేత్తోనే చేసేవాడు. ఉత్తరాది నుంచి మూటల్లో వచ్చిన మెత్తటి ఉన్నిని దూదేకే పింజారి విల్లుతో ఏకి, చాప మీద పొరలు పొరలుగా పరిచి, దాని మీద వేడి వేడి కుంకుడుకాయ రసం చిలకరించి, చాపతో సహా చుట్టి, మోచేతులతో వత్తుతూ ముందుకూ వెనక్కూ దొర్లించేవాడు. దారం లేదు, మగ్గం లేదు, సూది లేదు. వేడికీ నురుగుకూ రాపిడికీ వెంట్రుకకు వెంట్రుక చుట్టుకుని, తలదిండు గలీబంత ఉన్న ఉన్ని సాయంత్రానికి తలకు పట్టేంత అయ్యేది. ఆ తర్వాత దాన్ని ఇత్తడి అచ్చుకు తొడిగి బొగ్గుల మీద ఆరబెట్టేవాడు. దగ్గరి గిరాకీలకు ఎవరి అచ్చు వారికి ఉండేది. బాపు అచ్చు పై అరలో, కిటికీ పక్కన ఉండేది.

నేను అప్పుడే పత్రికలో చేరాను. రాత్రిపూట డ్యూటీ కాబట్టి పగటిపూట ఇంటి పనులన్నీ నావే. ఆ ఏడే బాపుకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. చల్లగాలి తగలకుండా తలకు మఫ్లరు చుట్టుకుని దవాఖానకు పోయి నెలల తరబడి సూదులు వేయించుకోవాలి. నిమ్మళంగా అనిపించినా సరే ఆపొద్దనీ, నడుమ ఆపితే జబ్బు తిరగబడుతుందనీ, అప్పుడు తన చేతిలో ఏమీ ఉండదనీ డాక్టరు అమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కొన్ని నెలలకు దగ్గు తగ్గి, సాయంత్రం కాసేపు బయట గాలికి తిరగవచ్చని సెలవిచ్చాక, బాపు ఉత్సాహంగా అద్దం ముందు నిలబడి టోపీ పెట్టుకున్నాడు. అది జారి చెవుల మీద కూర్చుంది. జుట్టు పల్చబడి, కణతలు లోపలికి పోయిన ఆ తల తనదేనని అప్పుడే తెలిసినట్టు, టోపీ తీసి మేకుకు తగిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూటా మరుసటి పూటా అన్నం ముట్టలేదు.

టోపీని కొంగు చాటున తెచ్చి నా చేతికిచ్చింది అమ్మే. బాపు మధ్యాహ్నం నిద్ర లేచేలోగా చాచాతో బిగింపించి తెచ్చి మేకుకు పెట్టెయ్యాలి, అంతే. చాచా టోపీ అందుకుని పొయ్యి మీద నీళ్లు పెట్టాడు. ఇట్లా ఇళ్లనుంచి చాటుగా వచ్చే టోపీలు ఆయనకు కొత్త కాదని ఆయన తీరు చూస్తే తెలిసింది. వేడినీళ్లలో ముంచి, నురుగు పట్టించి, అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ వేలి మందం తగ్గించి, బాపు అచ్చు కాకుండా చిన్నదాని మీద ఆరబెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రం టోపీ కుదురుగా కూర్చుంది. షేర్వానీ బరువని శాలువా కప్పుకుని, బాపు తన స్నేహితుడి అత్తరు దుకాణం అరుగు మీద గంటసేపు కూర్చుని వచ్చి, పప్పుచారు బాగుందని మారు అడిగి వేయించుకున్నాడు. అమ్మ వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకుంది.

వానలు మొదలయ్యాక అమ్మ మళ్లీ పంపింది, గాలికి ఎగిరిపోతుందేమోనని. చాచా తల అడ్డంగా ఊపాడు. "అమ్మకు జెప్పు బేటా, ఇది సాలు. ఇంక జేస్తే ఎక్కువైతది." అమ్మ మాట కాదనలేక నేను బతిమాలాను. ముసురుకు ఆరక, బొగ్గుల మీద కాస్త ఎక్కువసేపు ఉంచాల్సి వచ్చింది. ఇంటికొచ్చిన టోపీని బాపు రెండు చేతులతో లాగి తలకు ఎక్కించుకుని, అద్దంలో చూసుకుని, ఇల్లంతా వినబడేట్టు నవ్వాడు.

"ఏమే, ఇటు రా! చూడు, టోపీ నెత్తిని పట్టుకుంటున్నది. కండ పడుతున్నదే నాకు!"

అమ్మ తలుపు పట్టుకుని నిలబడి, అవునన్నట్టు తలాడించింది. మరేం చేస్తుంది? ఇంట్లో అంత నవ్వు విని ఎన్నాళ్లయిందో.

ఆ వారం నుంచే బాపు దవాఖానకు పోవడం మానేశాడు. బాగైన మనిషికి సూదులెందుకన్నాడు, కాంపౌండరుకు లాభం తప్ప. అమ్మ గట్టిగా చెబితే గొడవ, మెల్లగా చెబితే నవ్వు. ఒక మధ్యాహ్నం అమ్మ, తోడు లేనిదే బజారు దాటని అమ్మ, నన్ను వెంటబెట్టుకుని వానలోనే చాచా గదికి వచ్చి, టోపీని మళ్లీ వదులు చేసి ఇవ్వమని అడిగింది. చాచా టోపీని చేతిలో తిప్పి చూసి, ఆమె ముందు పెట్టాడు.

"బిగించుడు వస్తది నాకు. వదులు జేసుడు ఎవ్వరికి రాదమ్మా. ఉన్ని ఒక్కసారి పట్టుకున్నదంటే ఇడ్వదు. మీరు ఊఁ అంటే నేనే వచ్చి మీ ఇంటి మాలిక్‌కు జెప్తా."

అమ్మ వద్దంది. చేయించింది తాను కాబట్టి తానే చెబుతానంది. ఇంటికొచ్చి, తడి చీర మార్చుకోకుండానే చెప్పేసింది. విచిత్రమేమంటే, బాపు నమ్మలేదు.

"సూదులకు పంపనీకి కొత్త కథ పట్టినవా? టోపీని ఉతికితే పొట్టిదైతదా? మస్తు కథలే నీకు!"

అమ్మ గోడ వార పెట్టె దగ్గరికి పోయింది. పెట్టె తెరిచి, జబ్బు చేసినప్పటి నుంచి ముట్టని షేర్వానీ తీసింది. కర్పూరం వాసన గదంతా వచ్చింది. ఆమే ఒక్కొక్క చెయ్యి దూర్చి తొడిగింది. గుండీలు బాపు తానే పెట్టుకున్నాడు, కింది నుంచి మెడదాకా, నవ్వుతూనే. మెడ గుండీ పెట్టాక కూడా కాలరుకూ మెడకూ నడుమ పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది. భుజాలు మేకుకు వేలాడేసినట్టు జారాయి. ఆయన అద్దంలో తనను చూసుకున్నాడు. అద్దంలోనే అమ్మనూ చూశాడు. షేర్వానీ విప్పి మడిచి మంచం మీద పెట్టి, గొడుగు అడిగి, టోపీ లేకుండా దవాఖానకు బయలుదేరాడు. బాపు ఉత్త నెత్తితో వీధిలోకి దిగడం నేను చూడడం అదే మొదటిసారి.

సూదులు పూర్తయ్యాయి. జబ్బు నిజంగానే తగ్గింది, కండ నిజంగానే పట్టింది. ఆ టోపీ మాత్రం ఆయన తలకు మళ్లీ పట్టలేదు. కొత్తది చేసిస్తానని చాచా కబురు పంపితే బాపు వద్దన్నాడు. చాచా పోయాక ఆ గదిలో గాజుల పెట్టెలు నింపారు. ఇత్తడి అచ్చులు ఏ పాత సామాన్ల వాడి తక్కెడలోకి పోయాయో తెలియదు.

బాపు ఆ సంగతి ఎత్తి అమ్మను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత బతికిన ఏళ్లన్నిటిలోనూ, అమ్మ ఎప్పుడైనా ఇవాళ మొహం తేటగా ఉందంటే, ఆయన సరేనని చెప్పి, ఆమె లోపలికి పోగానే లేచి అద్దం ముందు కాలరులో రెండు వేళ్లు దూర్చి చూసుకునేవాడు. అమ్మకు అది తెలుసు. తెలిసీ, తేటగా ఉందని చెప్పడం ఆమె మానలేదు.

జీవితమంతా ఉన్నది ఉన్నట్టు అచ్చువేయాలని నమ్మి పత్రికలో ఉద్యోగం చేసినవాణ్ని. ఇప్పుడు రక్తపరీక్ష ఫలితాలు డాక్టరు చూడకముందే ఫోనులోకి వచ్చేస్తున్నాయంటే, అది తప్పని ఎలా అంటాను? నావీ అలాగే వస్తాయి. కొడుకు చూస్తాడు, కోడలు చూస్తుంది, దేశం అవతలున్న మేనల్లుడు కూడా చూస్తాడు. దాచడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. పొద్దున నేను అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటూ ఉంటే, అందరూ నా వెనక నుంచి ఎవరి పని మీద వాళ్లు పోతుంటారు. ఇవాళ తేటగా ఉన్నావని ఎవరూ అనరు.