సున్నం అప్పకు చదివిన వాక్యం

మా వీధి చివరింటి సున్నం అప్ప పోయిందని మంగళవారం పొద్దున్నే పాలవాడు చెప్పాడు. తొంభై దాటిన మనిషి పోతే "పుణ్యాత్మురాలు, సుఖంగా వెళ్లింది" అనడం ఆనవాయితీ. నేనూ అన్నాను. ఆమెకు అబద్ధం చెప్పిన నోరూ ఇదే.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అనకాపల్లిలో బ్యాంకు కడుతుంటే సిమెంటు దొరకలేదు. సున్నం, ఇసుక గానుగలో తిప్పి, బెల్లం నీళ్లు పోసి, ఆడవాళ్లు రోజుల తరబడి దంచేవారు. అప్పకు అప్పుడు పదమూడేళ్లు. వేళ్లు సున్నానికి పగిలి ఉండేవి. నేను బడికి పోతూ ఆగి బెల్లం నీళ్లు అడిగితే, "ముందు గోడ తాగాల. మిగిల్తే నీకు" అనేది. ఎన్నడూ మిగల్లేదు.

నేను పంతులమ్మనయ్యాను. ఆమె ఊళ్లో సగం ఇళ్లకు సున్నం వేసింది. వేసే ముందు గోడను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేది, నాడి చూసే వైద్యుడిలా. నేను గొప్పగా కట్టించుకున్న సిమెంటు గదిని కొట్టి, "పంతులమ్మా, ఇది పలకదమ్మా" అని పెదవి విరిచింది.

పోయినేడు ఆ బ్యాంకును స్మారక కట్టడం చేశారు. గుమ్మం పక్క రాతిపలక మీద దాని చరిత్ర రాసే పని నాకిచ్చారు. తప్పుల్లేకుండా రాసేది ఊళ్లో నేనొక్కదాన్నేనని నా నమ్మకం. కట్టించిన దొరకు, గీసిన ఇంజనీరుకు, తలుపు తీసిన కలెక్టరుకు చోటు దొరికింది. దంచినవాళ్లను తీసేయమని ఎవరూ చెప్పలేదు. నాకే తట్టలేదు.

అప్ప తమలపాకు నములుతూ, కర్ర పొడుచుకుంటూ వచ్చి పలక ముందు నిలబడింది. ఆమెకు చదువు రాదు.

"మా దంపుడు ఎక్కడ రాసేవో సదువమ్మా" అంది.

రాశావా అని అడగలేదు. ఆఖరి వరుస మీద వేలు పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, అక్కడ లేనిది చదివాను: "ఈ గోడల సున్నాన్ని అనకాపల్లి ఆడవాళ్లు దంచారు." నేను ఇంతకంటే మంచి వాక్యం రాయలేదు. దీన్నీ రాయలేదు.

"మళ్లీ సదువు" అంది. చదివాను.

చావింట్లో మనవరాలు కనిపించింది, డిగ్రీ చదివే పిల్ల. మామ్మ తనను ప్రతి ఆదివారం అక్కడికి తీసుకెళ్లి ఆ వరుస చదివించుకునేదట. ఏం చదివావని తల దించుకునే అడిగాను.

"మీరు సదివిందే సదివేనండి. మామ్మకది నోటికొచ్చు. ఒక్క మాట తప్పినా ఊరుకునేది కాదు."



నిన్న వెళ్లి చూశాను. ఆఖరి వరుసలో ఉన్నది పలక చెక్కించిన కాంట్రాక్టరు పేరు. దాని మీద తమలపాకు సున్నం అంటిన వేలిముద్రలు, ఒకదాని మీద ఒకటి, తెల్లగా ఎండి ఉన్నాయి.