మెడ తగ్గించిన బాతులు

1999 ఫిబ్రవరిలో, మేం కాపురమున్న పరాయి దేశంలో, వెర్రిబీ అనే ఊరి దగ్గర ఒక చెక్కపని షెడ్డులో నన్ను డికాయ్ కార్వర్‌గా ప్రొబేషన్ మీద తీసుకున్నారు. డికాయ్ అంటే ఎరబాతు. చెక్కి, రంగులేసి మడుగులో వదిలితే, పైన ఎగిరే బాతులు మనవాళ్ళే కదా అనుకుని దిగుతాయి. పొదలో కూర్చున్న వేటగాడికి కావలసింది అదే. "పక్షుల్ని మోసం చేసే ఉద్యోగమా అమ్మాయ్?" అని మా అత్తగారు ఫోన్లో అడిగారు. అవునండీ అన్నాను. ఆవిడ కొడుకు వైటూకే ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు చచ్చిపోతాయని ఆఫీసుల్ని హడలగొట్టి జీతం తెచ్చేవాడు. ఆ ఉద్యోగం మాత్రం ఆవిడకి గొప్ప.

నేను కొండపల్లిలో బొమ్మలు చేసే ఇంటి పిల్లని. ఒళ్ళు వేరుగా, తల వేరుగా చెక్కి అతికించడం నాకు ఉగ్గుపాలతో వచ్చింది. ఇక్కడా అదే పద్ధతి. రంగు మాత్రం మెరవకూడదని షెడ్డు యజమాని కెన్ ముందే చెప్పాడు, ఎండకి తళుక్కుమంటే పక్షి దగ్గరికి రాదట. మెడ సంగతి చెప్పలేదు. మా బొమ్మల్లో రాజైనా చిలకైనా తలెత్తుకునే ఉండాలి. మెడ వాలిందంటే మా నాన్న ఆ బొమ్మని పొయ్యిలో పెట్టేవాడు. అందుకని నా బాతులన్నీ ఛాతీ విరుచుకుని పెళ్ళికొడుకుల్లా తయారయ్యాయి. మా ఆయన చూసి, "దర్జా అంటే ఇదీ!" అన్నాడు.

వేట సీజన్ మొదలయ్యేలోపు తుపాకీ లేకుండా మడుగులో పరీక్ష పెడతారు. పక్షులు దిగకపోతే ఉద్యోగం లేదని కెన్ మొహమాటం లేకుండా చెప్పాడు. నాకు భయం వేసింది. పార్టీల్లో ఫలానా ఆయన వైఫ్ అనిపించుకుంటూ, సమోసాలు అందిస్తూ ఇంకో ఏడాది గడపడం నావల్ల అయ్యేది కాదు.

శనివారం పొద్దున వదిలాం. ఒక గుంపు వచ్చింది, ఓ చుట్టు తిరిగింది, పోయింది. ఇంకో గుంపు చుట్టు కూడా తిరగలేదు. కెన్ టీ తాగుతూ, నీ బాతులు పోలీసుని చూసినట్టున్నాయే అన్నాడు. బాతు బెదిరితేనే మెడ నిక్కిస్తుందట. గుంపంతా బెదిరిపోయి ఉన్నచోట ఏ పక్షి దిగుతుంది? నా తిక్క కుదిరింది. వచ్చే శనివారం దాకా గడువిచ్చాడు.

ఆ రోజు ఒళ్ళు మండిపోతూ ఇంటికొచ్చేసరికి మా ఆయన సోఫాలో కునుకు తీస్తున్నాడు. మెడ భుజాల్లోకి దిగిపోయింది, గడ్డం ఛాతీకి ఆనింది. నా ఉద్యోగం పోయేలా ఉంది, ఈ మహానుభావుడికి చీమ కుట్టినట్టైనా లేదు! అలా చూస్తూ ఉండగానే వెలిగింది. పెన్సిల్ తెచ్చి గీయడం మొదలుపెట్టాను.

ఆయన ఒక కన్ను తెరిచి, "ఏంటే ఇది?" అన్నాడు.

"కదలకండి. మెడ చూస్తున్నా."

ఆ వారమంతా తలలు రంపంతో కోసి, మెడలు కురచ చేసి, మళ్ళీ అతికించాను. కొన్నిటికి ముక్కు వీపు మీదికి తిప్పాను, రెండిటికి నీళ్ళలో మేస్తున్నట్టు వంచాను. చూడ్డానికి ఒక్కటీ బాగాలేదు.

మళ్ళీ శనివారం వచ్చిన మొదటి గుంపే కాళ్ళు చాపుకుని దిగింది. ఒక ఆడబాతు తిన్నగా మా ఆయన మెడ పెట్టిన దాని పక్కకి చేరి, రెక్కలో ముక్కు దూర్చి పడుకుంది. కెన్ కప్పు కింద పెట్టి, సోమవారం ఏడింటికి రా, ఇకనుంచి తలల పని నీదే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. జలుబని చెప్పి ముక్కు చీదుకున్నాను.

హెడ్ కార్వర్‌గా ఆ షెడ్డులోనే రిటైరయ్యాను. ఆ వారం నాకు తెలిసిందింతే: బొమ్మని కొనేది మనిషి, నమ్మాల్సింది బాతు. దానికి అందంతో పనిలేదు, ఇక్కడ భయం లేదనిపిస్తే చాలు. అలా అనిపించేలా చెయ్యడానికే నాకు జీతమిచ్చారు. అది అబద్ధమని బాతుకి చెప్పడానికి కాదు.